పసుపు జెండా ఎగరని ఓడ

మే 14 దగ్గర పడుతోందంటే ఫిజీ దీవుల్లో గిరిమిట్ దినం సందడి మొదలవుతుంది. 1879లో అదే తేదీన ‘లియోనిదాస్’ అనే తెరచాప ఓడ కలకత్తా నుంచి దాదాపు 500 మందిని ఎక్కించుకుని అక్కడికి చేరింది. అయిదేళ్ళ కూలి ఒప్పందం (వాళ్ళ నోట ‘గిరిమిట్’) మీద వెళ్ళిన తొలి జట్టు అది. ఆ తర్వాత 1916 దాకా 60 వేల మందికి పైగా అదే దారి పట్టారు. 2023లో ఫిజీ ప్రభుత్వం ఈ రోజును సెలవు దినం చేసింది. 1987లో తాను చేసిన సైనిక తిరుగుబాటుకు ప్రధాని రబుకా భారత సంతతి వారిని క్షమించమని అడిగింది కూడా ఆ వేడుకల్లోనే.

ఆ రోజు ప్రసంగాల్లో చెరకు తోటలు వస్తాయి, మేస్త్రీల కొరడాలు వస్తాయి, తాతల కష్టం వస్తుంది. ఒక్క సంగతి మాత్రం ఎవరూ అంతగా తలుచుకోరు. మే 14న ఓడ వచ్చిందే గానీ, అందులోని వాళ్ళను ఓడ చేరిన లెవుకా ఊళ్ళో కాలు పెట్టనివ్వలేదు. ఆగస్టు దాకా పెట్టనివ్వలేదు.

కారణం నాలుగేళ్ళ ముందు వచ్చిన ఇంకో ఓడ. ఆ కథ చెప్పాలనే నా ఆత్రమంతా. అయితే చరిత్ర వ్యాసం అన్నాక ఏథెన్స్ నుంచి మొదలుపెట్టకపోతే పాఠకులు ఊరుకోరు కాబట్టి, రెండువేల ఏళ్ళను నాలుగు పేరాల్లో దాటేద్దాం.

రేవులో దిగిన తెగులు

క్రీస్తు పూర్వం 430లో ఏథెన్స్‌ను ఊడ్చేసిన తెగులు మొదట దాని రేవు పట్టణం పిరేయస్‌లో కనిపించిందని తుసిడిడిస్ రాశాడు. క్రీ.శ. 541లో ఈజిప్టులోని పెలూసియం రేవులో బయటపడ్డ ప్లేగు మరుసటి ఏడాదికల్లా కాన్‌స్టాంటినోపుల్ చేరింది. 1347లో నల్ల సముద్రం వైపు నుంచి వచ్చిన ఓడలు ప్లేగును సిసిలీలోని మెస్సీనాలో దించాయి. రేవులే రాజ్యాలకు డబ్బు తెచ్చాయి, తెగుళ్ళనూ తెచ్చాయి. 1377లో రగూసా (నేటి డుబ్రోవ్నిక్) పాలకులు తెగులున్న చోట్ల నుంచి వచ్చేవారు ముప్పై రోజులు ఊరికి దూరంగా ఉండాలని శాసనం చేశారు. 1423లో వెనిస్ తన ఉప్పునీటి మడుగులోని ఒక దీవిలో ప్లేగు ఆస్పత్రి కట్టింది. పోనుపోను ముప్పై రోజులు నలభై అయ్యాయి.

ఆ పాలకులకు సూక్ష్మజీవి అంటే ఏమిటో తెలియదు. కానీ కాలం సంగతి తెలుసు. జబ్బు మనిషిలో ఎల్లకాలం దాక్కోలేదు. కొన్నాళ్ళు ఆపి చూస్తే బయటపడుతుంది, లేదంటే లేనట్టే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది. కొలంబస్ వెళ్ళిన దారిన మశూచి కూడా అట్లాంటిక్ దాటిందనీ, 1520లో అజ్టెక్ రాజధానిని శత్రువు కత్తి కన్నా ముందు అదే కుంగదీసిందనీ ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోతాను.

మన వైపు ఈ కథ దండు వెంట నడుస్తుంది. 1813 ప్రాంతంలో జంట నగరాల్లో గత్తర చెలరేగిందనీ, అప్పుడు ఉజ్జయినిలో ఉన్న దండులో డోలీ మోసే సురిటి అప్పయ్య అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడనీ, తిరిగొచ్చాక 1815లో సికింద్రాబాద్‌లో అమ్మవారిని నిలిపాడనీ చెప్పుకుంటారు. లష్కర్ బోనాలు ఆ మొక్కే. దండు కదిలితే జబ్బు కదిలింది, జబ్బు వెనకే అమ్మవారూ కదిలి వచ్చింది. 1817లో బెంగాల్‌లోని జెస్సోర్‌లో మొదలైన కలరా అయితే దండులతో, వర్తకులతో, యాత్రికులతో కలిసి దేశాలే దాటింది.

గత్తర వచ్చిన పల్లెల్లో అమ్మవారికి జాతర చేసి, బండిలో పెట్టి, పొలిమేర దాటించి వచ్చేవారు. పక్క ఊరివాళ్ళు తమ పొలిమేర దాటించేవారు. 1851లో పారిస్‌లో పన్నెండు దేశాలు మొదటి అంతర్జాతీయ ఆరోగ్య సమావేశం పెట్టి చేసింది కూడా దాదాపు ఇదే, కాకపోతే ఫ్రెంచిలో. ఒక్కో దేశం నుంచి ఒక డాక్టరూ ఒక దౌత్యవేత్తా వచ్చారు. ఎవరి ఓటు వారిదే. ఒకే దేశం వాళ్ళిద్దరూ చెరోవైపు ఓటేసిన సందర్భాలూ ఉన్నాయి. ఆరు నెలలు కూర్చుని ఏమీ తేల్చలేదు. అమలయ్యే ఒప్పందం కుదరడానికి 1892 దాకా పట్టింది. ఈలోగా 1865లో మక్కాలో చెలరేగిన కలరా యాత్రికులతో ఆవిరి ఓడెక్కి సూయజ్‌కీ, రైలెక్కి అలెగ్జాండ్రియాకీ, మళ్ళీ ఓడెక్కి మధ్యధరా సముద్రపు రేవులన్నింటికీ వెళ్ళింది.

ఇక ఫిజీ.

రాజుగారి సిడ్నీ ప్రయాణం

లెవుకా అనేది ఒవలౌ దీవిలో కొండకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న చిన్న ఊరు. ఒకటే వీధి, దాని పొడుగునా సారా దుకాణాలు. తిమింగలాల వేటగాళ్ళు, పత్తి తోటల వాళ్ళు, అప్పులు ఎగ్గొట్టి వచ్చినవాళ్ళు, ఎక్కడా చెల్లనివాళ్ళు అందరూ అక్కడే తేలేవారు. కొత్తగా వచ్చే ఓడ పగడపు దిబ్బల మధ్య దారి వెతుక్కోనక్కర్లేదనీ, ఊళ్ళోంచి కొట్టుకొచ్చే ఖాళీ జిన్ను సీసాల వరస వెంట వస్తే చాలనీ నావికులు చెప్పుకునేవారు. ఫిజీ తొలి రాజధాని అదే.

1874 అక్టోబర్ 10న అక్కడే ఫిజీ బ్రిటిష్ వలస అయింది. సంతకం చేసిన పెద్ద దొర రాతు సేరు థాకొంబౌ. ‘రాతు’ అంటే వాళ్ళలో దొర అని. బౌ అనే చిన్న దీవి నుంచి చుట్టుపక్కల దీవులను గడగడలాడించిన మనిషి. కుర్రతనంలో నరమాంసం తిన్నవాడు, నడివయసులో క్రైస్తవంలోకి మారినవాడు, చివరకు అప్పులూ పోరుగొడవలూ భరించలేక రాజ్యాన్ని విక్టోరియా రాణి చేతిలో పెట్టినవాడు. తన యుద్ధపు గదను కూడా ఆమెకు కానుకగా పంపాడు. అది 1932లో తిరిగొచ్చి ఇవాళ ఫిజీ పార్లమెంటులో సభాదండంగా ఉంది.

రాజ్యం తీసుకున్నాక అతిథి మర్యాద చెయ్యాలి కదా. ఒప్పందం కుదిర్చిన న్యూ సౌత్ వేల్స్ గవర్నరు సర్ హెర్క్యులిస్ రాబిన్సన్, థాకొంబౌను సిడ్నీ రమ్మన్నాడు. కొడుకులనూ పరివారాన్నీ వెంటబెట్టుకుని ఆయన వెళ్ళాడు. సిడ్నీలో అప్పుడు తట్టు తిరుగుతోంది. కొన్ని జిల్లాల్లో పొంగు అంటాం, అదే. ఎర్రటి దద్దుర్లు, జ్వరం, కళ్ళు ఎర్రబడటం. సిడ్నీలో అది పిల్లల జబ్బు. పెద్దవాళ్ళలో చాలామందికి చిన్నప్పుడే వచ్చి పోయి ఉంటుంది, ఒకసారి వస్తే మళ్ళీ రాదు. ఫిజీలో అది పుట్టి బుద్ధెరిగి ఎవరికీ రాలేదు. పసివాడి నుంచి పండు ముసలి దాకా అందరూ దానికి కొత్తవాళ్ళే.

రాజుగారికి సిడ్నీలోనే అంటుకుంది. తిరుగు ప్రయాణం బ్రిటిష్ యుద్ధనౌక ‘డైడో’ మీద. దారిలోనే ఆయన కోలుకున్నాడు. ఈలోగా కొడుకులకు, పరివారానికి ఓడలోనే జ్వరం తగిలింది. 1875 జనవరి 12న డైడో లెవుకా చేరింది.

అంటు జబ్బున్న ఓడ స్తంభానికి పసుపు జెండా ఎగరెయ్యాలి. జెండా కిందికి దిగేదాకా ఎవరూ ఓడ ఎక్కకూడదు, ఎవరూ దిగకూడదు. అప్పటికి ఎన్నో తరాలుగా అన్ని రేవుల్లోనూ నావికులకు ఓనమాలతో సమానమైన నియమం అది. డైడో మీద పసుపు జెండా ఎగరలేదు. ఓడలో డాక్టరు లేక కాదు. జబ్బు తెలియకా కాదు. రాణిగారికి రాజ్యం ఇచ్చిన దొరను, ఆయన సొంత ఊరి ముందు, అంటు జబ్బు మనిషిలా నిలబెట్టడం బావుండదనుకున్నారో, పిల్లల తట్టే కదా అనుకున్నారో. చిన్న గుడ్డముక్క కట్టడానికి ఎవరికీ చెయ్యాడలేదు.

దొరగారు దిగారు. దీవి దీవి నుంచీ పడవల మీద చుట్టాలూ సామంతులూ పలకరింపులకు వచ్చారు. పెద్ద కొయ్యపాత్రలో యాంగోనా వేరు పిండి, కొబ్బరి చిప్పతో ఒకరి తర్వాత ఒకరు తాగడం అక్కడి మర్యాద. ఒకే కప్పు కింద గంటల తరబడి కూర్చుని కబుర్లు. తట్టుకు ఇంతకన్నా ఏం కావాలి? దగ్గు తుంపర గాలిలో గంటా రెండు గంటలైనా నిలిచే జబ్బు అది. మనిషి వెళ్ళిపోయిన గదిలోకి ఇంకొకడు వచ్చినా అంటుకుంటుంది.

అంతటితో పోతే ఒవలౌ, బౌ దీవుల కథగా మిగిలేది. అదే జనవరి చివర్లో రేవా నది ఒడ్డున నవుసోలో తాత్కాలిక పాలకుడు లేయార్డ్ పెద్ద సభ పెట్టాడు. విటి లెవు దీవి నడిమి కొండల్లోని దొరలను పిలిపించి, ఇకమీదట మీరు రాణిగారి ప్రజలు అని చెప్పడానికి. ఎవరి మాటా వినని కొండ దొరలు అనుచరులతో సహా దిగివచ్చారు. చూడ్డానికి అది పాలనాపరమైన విజయం. సభ ముగిశాక వాళ్ళంతా కొండదారులు పట్టి తమ తమ ఊళ్ళకు వెళ్ళారు. తట్టు సోకినవాడు పది రోజుల దాకా బాగానే తిరుగుతాడు. ఇళ్ళకు చేరాక పడిపోయారు. ఫిజీ మొత్తం మీద ఏ మూలకు ఎవరు ఎప్పుడు చేరాలో ముందే గీసిపెట్టుకున్నట్టు తట్టు ప్రతి లోయలోనూ ఒకేసారి లేచింది.

చావులు తట్టు ఒక్కదానితోనే జరగలేదు. ఇంట్లో సగం మందికి వస్తే మిగతా సగం గంజి పోస్తారు. ఇంట్లో అందరికీ, వీధి వీధంతా, ఊరు ఊరంతా ఒకే వారంలో మంచం పడితే నీళ్ళిచ్చే దిక్కుండదు. దుంపలు తవ్వి తెచ్చేవాళ్ళు లేరు, పొయ్యి రాజేసేవాళ్ళు లేరు. అది వానకాలం. ఒంటి మంట భరించలేక వాగుల్లో, సముద్రంలో మెడలోతు కూర్చున్నారు. దానితో ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది, వెనకే రక్త విరేచనాలు. చనిపోయినవారిని పూడ్చడానికి ఓపికున్నవాళ్ళు కరువయ్యారు. దాదాపు లక్షన్నర జనంలో 40 వేల మంది పోయారని అంచనా. అంతా ఆ ఏడాది సగం గడిచేలోపే.

కొండలవాళ్ళు దీన్ని చూసి తేలిగ్గా ఒక నిర్ణయానికి వచ్చారు. తెల్లవాళ్ళకు రాజ్యం ఇచ్చాం, ఆర్నెల్లు తిరక్కుండా చావు వచ్చింది, సభకు పిలిచింది విషం పెట్టడానికే. కొత్త దేవుణ్ణి వదిలి చాలామంది పాత దేవతల దగ్గరికి పోయారు. 1876లో కొండల్లో తిరుగుబాటు లేచింది. వాళ్ళు విషం అనుకున్నది తప్పే. సభ వల్ల చావు వచ్చిందన్నది మాత్రం అక్షరాలా నిజం.

నాలుగేళ్ళ తర్వాత

1875 జూన్‌లో మొదటి పూర్తిస్థాయి గవర్నరుగా సర్ ఆర్థర్ గోర్డన్ వచ్చాడు. అంతకుముందు మారిషస్, ట్రినిడాడ్ పాలించినవాడు. రెండు చోట్లా భారతీయ కూలీలతో చెరకు తోటలు నడవడం కళ్ళారా చూసినవాడు. ఫిజీలో ఆయనకు దొరికింది కన్నీళ్ళు ఆరని ఊళ్ళు, ఖాళీ ఖజానా. మిగిలిన ఫిజీవాళ్ళను తోటల పనికి తరలిస్తే జాతే మిగలదని భయపడ్డాడు. వాళ్ళను వాళ్ళ ఊళ్ళలోనే ఉండనిచ్చి, తోటల పనికి ఇండియా నుంచి మనుషులను తెప్పించాలని నిశ్చయించాడు. ఒక ఓడ తెచ్చిన జబ్బు వల్ల చేతులు కరువయ్యాయి, ఆ చేతుల కోసం ఇంకో ఓడ బయల్దేరింది. లియోనిదాస్ వెనక తట్టు ఒక్కటే కారణం కాదు గానీ, తట్టు లేకుండా ఆ కథ చెప్పలేం.

లియోనిదాస్ 1879 మార్చి 3న కలకత్తా విడిచింది. మగవాళ్ళు, ఆడవాళ్ళు, చంటిపిల్లలు. హుగ్లీ దాటిన కొన్నాళ్ళకే ఓడలో కలరా పుట్టింది, మశూచి కూడా పుట్టింది. ఒక్కటి చాలదన్నట్టు రెండూ. లెవుకా చేరేసరికి పదిహేడు మంది పోయారు.

ఈసారి జెండా ఎగిరింది. ఫిజీ ప్రధాన వైద్యాధికారి విలియం మెక్‌గ్రెగర్ 1875లోనే మారిషస్ నుంచి వచ్చాడు. స్కాట్లండ్‌లో వ్యవసాయ కూలీ కొడుకు, మొండి మనిషి. తట్టు మిగిల్చిన ఊళ్ళను ఆయన చూశాడు. లెవుకాలో తట్టును చూసిన కళ్ళు, ఆ సమాధులు తవ్విన చేతులు ఇంకా ఉన్నాయి. ఓడను ఊరికి ఎడంగా ఆపేశారు. దగ్గర్లోని యనూథా లైలై అనే చిన్న దీవి మీద తాటాకు పాకలు హడావిడిగా వేసి ప్రయాణికులను అక్కడ దించారు. ఊరివాళ్ళు అటు పోకూడదు, వాళ్ళు ఇటు రాకూడదు.

ఆ దీవి మీద మూడు నెలలు ఎలా గడిచి ఉంటాయో తలుచుకుంటే నాకు ఎప్పుడూ ఒకటే అనిపిస్తుంది. కలకత్తా డిపోలో ఎక్కిన జనానికి చెప్పిన దేశం అదేనా? ఎదురుగా నాలుగు పాకలు, చుట్టూ నీళ్ళు, అవతల దూరంగా పొగ కనిపిస్తున్న ఊరు. జ్వరాలతో, విరేచనాలతో అక్కడ ఇంకో పదిహేను మంది దాకా పోయారు. వాళ్ళకది చెర. లెవుకాకు అది ప్రాణం. రెండూ నిజమే, ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాచడం న్యాయం కాదు. ఆగస్టులో కాపలా ఎత్తేసేసరికి మశూచి గానీ కలరా గానీ ఒక్క ఫిజీ మనిషినీ తాకలేదు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే అయినా, రెండోసారి మంట దగ్గర అవి పనికొచ్చాయి.

మిగిలిన 460 మందికి పైగా జనం ఒడ్డుకొచ్చాక ఇంకో విడ్డూరం. ఏ కూలీల కోసం తోటల యజమానులు గోల పెట్టారో, వాళ్ళు వచ్చాక తీసుకోవడానికి ముందుకు రాలేదు. చాలామందిని ప్రభుత్వమే తన పనుల్లో పెట్టుకుంది.

మెక్‌గ్రెగర్ అక్కడితో ఆగలేదు. ఇంకో ఓడ వస్తే? జెండా చూడ్డం మరచిపోయే అధికారి ఇంకొకడు వస్తే? అందుకని దీవి దీవిలో టీకాలు వెయ్యగల స్థానిక కుర్రవాళ్ళను తయారుచెయ్యాలనుకున్నాడు. ఆ ఆలోచనే 1885లో సువాలో వైద్య పాఠశాల అయింది. ఫిజీ యువకులు అక్కడ చదివి, మశూచి టీకా పెట్టెలు భుజాన వేసుకుని పడవల మీద ఊళ్ళు తిరిగారు. ఇవాళ పసిఫిక్ దీవులకు డాక్టర్లను తయారుచేసే ఫిజీ జాతీయ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాల ఆ పాఠశాలే ఎదిగిన రూపం. లియోనిదాస్ భయం నుంచి పుట్టిన మంచి ఒకటి చెప్పమంటే నేను దీన్నే చెబుతాను.

ఓడకో లెక్క, జబ్బుకో లెక్క

లియోనిదాస్ ప్రయాణం 72 రోజులు. ఆ 72 రోజులూ ఫిజీకి కనిపించని కోట. తట్టు ఒకరి నుంచి ఇంకొకరికి చేరి పైకి తేలడానికి రెండు వారాల దాకా పడుతుంది. అంటే కలకత్తాలో ఎక్కిన తట్టు లెవుకాలో దిగాలంటే ఓడలో అయిదారు తరాలు బతకాలి. ప్రతి తరానికీ అంతకుముందు తట్టు రానివాడు దొరకాలి. చిన్న ఓడలో, చిన్నప్పుడే తట్టు వచ్చిపోయిన జనంలో, అంతమంది దొరకరు. మంట తనంతట తాను ఆరిపోతుంది. సిడ్నీ నుంచి లెవుకాకు అన్ని తరాలు అక్కర్లేదు. రాజుగారు, ఆయన తర్వాత కొడుకులు. రెండు మెట్లతో ఒడ్డు చేరింది.

పొగ ఓడలు వచ్చాక కలకత్తా, మద్రాసుల నుంచి ప్రయాణం సగానికి సగం తగ్గింది. ఓడలు పెద్దవయ్యాయి, చంటిపిల్లలు ఎక్కువయ్యారు. తట్టుకు మెట్లు తగ్గాయి, మెట్టుకో మనిషి దొరకడం తేలికైంది. ఫిజీ వలస ఓడల రికార్డులన్నీ తిరగేసి ఈ లెక్క కట్టిన ఇద్దరు బ్రిటిష్ భూగోళ శాస్త్రవేత్తలు, క్లిఫ్, హాగెట్, 1985లో దాన్ని ఒక పుస్తకంగానే వేశారు. సముద్రం వెడల్పు మైళ్ళలో మారలేదు. జబ్బు తరాల్లో కొలిస్తే మాత్రం ఏటేటా ఇరుకైపోయింది.

ఆ ఇరుకైన సముద్రం మీదే మనవాళ్ళూ వెళ్ళారు. లియోనిదాస్ కలకత్తా ఓడ. మద్రాసు రేవు నుంచి ఫిజీకి కూలీలను పంపడం 1903లో మొదలైంది. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ళు, తమిళులు, మలయాళీలు కలిసి 1916 దాకా సుమారు 15 వేల మంది. అప్పటికి రాజధాని సువాకు మారింది, కాపలా దీవి నుకులౌ అయింది. ఓడ దిగిన తెలుగు కూలీ ఫిజీలో మొదట చూసిన నేల ఆ దీవే. తోటల్లో కుదురుకున్నాక దక్షిణాది వాళ్ళు మారియమ్మ గుళ్ళు కట్టుకున్నారు. సువాలో ఇప్పటికీ ఏటా నిప్పుల మీద నడిచే మొక్కు తీరుస్తారు. జబ్బు ఎక్కిన ఓడలోనే జబ్బును చల్లార్చే అమ్మవారు కూడా ఎక్కిందన్నమాట. నుకులౌకు మాత్రం తర్వాత ఇంకో ఉద్యోగం పడింది. 2000లో భారత సంతతి ప్రధాని మహేంద్ర చౌదరిని పార్లమెంటులో బందీ చేసిన జార్జ్ స్పైట్‌ను అక్కడే ఖైదు చేశారు.

ఇక్కడి నుంచి కథ చెదిరిపోతుంది

ఇంతవరకు కథ బుద్ధిగా నడిచింది. తప్పు చేశారు, నేర్చుకున్నారు, బాగుపడ్డారు. ఇక్కడే ఆపేస్తే ఎంత బావుండును.

1918 అక్టోబర్ 30న ‘టలూన్’ అనే ఆవిరి ఓడ ఆక్లండ్ విడిచింది. ఆక్లండ్‌లో అప్పుడు ఇన్‌ఫ్లుయెంజా ఉధృతంగా ఉంది. ఓడ ఫిజీలో ఆగి, నవంబర్ 7న పశ్చిమ సమోవాలోని అపియాలో జ్వరపీడితులతో సహా ఆగింది. అక్కడి న్యూజిలాండ్ పాలకుడు కల్నల్ లోగన్ ప్రభుత్వం అడ్డుకోలేదు. రెండు నెలల్లో ఆ దీవుల జనంలో ఐదో వంతుకు పైగా, సుమారు 8,500 మంది పోయారు. ఫిజీలో కూడా వేలల్లో పోయారు. 1875లో లక్షన్నర ఉన్న ఫిజీ మూలవాసులు 1921 లెక్కలకు 85 వేలకు దిగారు. పక్కనే ఉన్న అమెరికన్ సమోవాలో గవర్నరు జాన్ పోయర్ అపియా నుంచి వచ్చే పడవలను, ఉత్తరాలను సైతం వెనక్కి పంపాడు. ఊరివాళ్ళే తీరం వెంట కాపలా తిరిగారు. అక్కడ ఇన్‌ఫ్లుయెంజాతో ఒక్కరూ చనిపోలేదు. రెండు సమోవాలూ ఒకే జాతి, ఒకే భాష. మధ్య ఉన్నది చిన్న సముద్రపాయ, ఇద్దరు అధికారులు. న్యూజిలాండ్ ప్రధాని హెలెన్ క్లార్క్ అపియా వెళ్ళి క్షమాపణ చెప్పింది 2002లో.

తట్టు ఒకసారి వచ్చిన ఒళ్ళు దాన్ని జీవితాంతం గుర్తుపెట్టుకుంటుంది. ప్రభుత్వాలకు ఆ గుణం లేదు. నాలుగేళ్ళ కిందటి సమాధులు కళ్ళముందు ఉంటే పాకలు వేస్తాయి, కాపలా పెడతాయి. నలభై ఏళ్ళు దాటితే పిల్లల తట్టే కదా అనుకున్న డైడో దగ్గరికే తిరిగి వెళ్తాయి.

విమానం వచ్చాక ఓడ ప్రయాణం ఇచ్చిన కొద్ది వ్యవధీ పోయింది. 2003 ఫిబ్రవరిలో దక్షిణ చైనా నుంచి వచ్చిన ఒక డాక్టరు హాంగ్‌కాంగ్‌లో మెట్రోపోల్ హోటల్ తొమ్మిదో అంతస్తులో ఒక్క రాత్రి బస చేశాడు. ఆ అంతస్తులో దిగిన అతిథులు వారం తిరక్కుండా సార్స్‌ను హనోయి, సింగపూర్, టొరంటో చేర్చారు. 2009 మేలో న్యూయార్క్ నుంచి దుబాయి మీదుగా శంషాబాద్‌లో దిగిన యువకుడే దేశంలో నిర్ధారణ అయిన తొలి స్వైన్ ఫ్లూ రోగి. 2020 మార్చిలో తెలంగాణ తొలి కోవిడ్ కేసు దుబాయి ప్రయాణం నుంచి వచ్చింది, ఆంధ్రప్రదేశ్ తొలి కేసు ఇటలీ నుంచి నెల్లూరుకు వచ్చింది. ఆఫ్రికా వెళ్ళేవాళ్ళు హైదరాబాద్ నారాయణగూడలోని నివారక వైద్య సంస్థలో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని, చిన్న పసుపు పుస్తకం చేతపట్టుకుని తిరిగి వస్తున్నారు. ఆ పుస్తకం లేకుండా ఆ జ్వరమున్న దేశాల నుంచి వస్తే ఆరు రోజుల దాకా కాపలాలో పెడతారు. జ్వరాన్ని మోసే దోమ మన ఇళ్ళ తొట్లలో కావలసినంత ఉంది, జ్వరం మాత్రం ఇప్పటిదాకా దేశంలో కాలు పెట్టలేదు. అన్నీ ఓడిన కథలే కావు.

ఫిజీకి వస్తే, 2020లో సరిహద్దులు మూసి ఏడాది పాటు కోవిడ్‌ను ఒడ్డునే నిలబెట్టింది. 2021 ఏప్రిల్‌లో నాండీలోని క్వారంటైన్ కేంద్రం నుంచే డెల్టా రకం జారిపోయింది. క్వారంటైన్ హోటల్లో పనిచేసే ఒకామె, సోకిన సంగతి తెలియక, లౌటోకాలో అంత్యక్రియలకు వెళ్ళింది. వందలమంది చేరిన చోటది. పరీక్షలు, మాస్కులు, సైనికుల కాపలా అన్నీ ఉన్నాయి. తాటాకు పాకలతో యనూథా లైలైలో నిలిచిన గోడ ఇక్కడ కూలింది. అప్పటి అధికారులు వీళ్ళకన్నా తెలివైనవాళ్ళని కాదు. వాళ్ళకు 72 రోజుల సముద్రం కలిసొచ్చింది, వీళ్ళకు రాలేదు.

విమానాశ్రయాల్లో నుదుటి మీద పెట్టే జ్వరం తుపాకీ మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఆక్లండ్ నుంచి అపియాకు విమానంలో నాలుగు గంటలు. తట్టు పైకి తేలడానికి పది రోజులు. సోకినవాడు దిగేటప్పుడు ఏ తుపాకీకీ దొరకడు, ఏ జెండా కట్టాలో ఎవరికీ తెలియదు. 2019లో సరిగ్గా అదే దారిలో తట్టు సమోవా చేరింది. ఏడాది ముందు, నర్సులు టీకా మందులో పొరపాటున వేరే మందు కలపడంతో ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. తల్లులు భయపడ్డారు, ప్రభుత్వం కొన్ని నెలలు టీకాలే ఆపేసింది. తట్టు వచ్చాక రెండు లక్షల జనమున్న దేశంలో 83 మంది పోయారు. దాదాపు అందరూ చిన్నపిల్లలే. అదే ఏడాది ఫిజీకీ తట్టు వెళ్ళింది. ఆ దేశం టీకాలతో ఎదురెళ్ళింది, ఒక్క ప్రాణమూ పోలేదు.

ఓడ మీద తట్టు తరువాతి మనిషి దొరక్క చచ్చిపోయేది. విమానంలో దానికి ఆ బాధ లేదు, దిగాకే మనిషిని వెతుక్కుంటుంది. అప్పుడు దానికి ఎవరూ దొరక్కుండా చెయ్యడమొక్కటే మన చేతిలో మిగిలింది. తట్టు విషయంలో ఆ లెక్క తేలిపోయి చాలా ఏళ్ళయింది. నూటికి 95 మంది పిల్లలకు టీకా పడి ఉండాలి. 2018లో సమోవాలో పడింది 31 మందికి.